నూటికి నూరుపాళ్ళ భూమి

భూమి కొలతల శాఖ జిల్లా అధికారి వామనరావు గారు పేరుకే వామనుడు, మనిషి ఆరడుగుల రెండంగుళాలు. ఒకనాటి ఉదయం ఆయన కాఫీ తాగుతూ కూతురి సెల్‌ఫోనులో ఒక ప్రకటన చూశారు. "నవభూమి! హద్దుల్లేని నేల! ఎవరు ముందు అడుగు పెడితే వారిదే!" అని రంగురంగుల అక్షరాల్లో ఉంది.

ఆయన కప్పు సాసరులో దించారు. ముప్ఫయ్యొక్కేళ్ళ సర్వీసులో ముందు అడుగు పెట్టినవాడిదే భూమి అన్న సంగతి ఆయన చాలాసార్లు చూశారు. కానీ దాన్ని ఇంత బాహాటంగా ప్రకటించడం ఎన్నడూ చూడలేదు.

"ఇదెక్కడమ్మా? ఏ మండలం?"

"మండలమేంటి నాన్నా, అది ఆట. ఆన్‌లైన్ ఆట" అంది కూతురు. "ఇందులో గెలవడం, ఓడడం ఉండదు. ఎవరికి తోచింది వాళ్ళు చేసుకోవడమే. ఒకరు గోధుమలు పండిస్తారు, ఒకరు గొడ్డళ్ళు చేస్తారు, ఒకరు అమ్ముతారు. ధరలు కూడా ఆడేవాళ్ళే పెట్టుకుంటారు. చివరిదాకా నడిస్తే ముందు కొత్త నేల దానంతటదే పుడుతుంది."

"మన జిల్లావాళ్ళు ఆడుతున్నారా?"

"బోలెడు మంది."

"అయితే మన జిల్లావాళ్ళకు అక్కడ భూములున్నాయన్నమాట. సర్వే నంబర్లున్నాయా?"

"లేవు."

వామనరావు గారు సగం కాఫీ వదిలేసి లేచారు. మధ్యాహ్నానికల్లా మెమో తయారైంది. "విషయము: నవభూమి అను పేరు గలదియు, ఇంతవరకు ప్రభుత్వ రికార్డులకెక్కనిదియు అగు భూభాగమును సమగ్రముగా సర్వే జరిపించుట గురించి." ఆ కాగితం వచ్చి సర్వేయరు కామేశం బల్లమీద వాలింది.

కామేశానికి యాభై రెండేళ్ళు. ఇరవయ్యేడేళ్ళుగా కొలత గొలుసు పట్టుకుని పొలాల గట్లమీద తిరిగిన మనిషి. అతను అడుగు వేస్తే సరిగ్గా రెండున్నర అడుగులు, అంగుళం తేడా రాదని శాఖలో చెప్పుకుంటారు. పెళ్ళిలో ఏడడుగులు వేసినప్పుడు కూడా మనసులో పదిహేడున్నర అడుగులని లెక్క వేసుకున్నాడు. మెమో రెండుసార్లు చదివి, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను సూపరింటెండెంటు కొండలాచారి దగ్గరికి వెళ్ళాడు.

"ఏ బస్సెక్కాలండీ?"

"బస్సు లేదు. కుర్చీలో కూర్చునే వెళ్ళాలి" అన్నాడు కొండలాచారి ఫైల్లోంచి తలెత్తకుండా. "నువ్వు కుర్చీలోంచి కదలవు గనక ప్రయాణ భత్యం రాదు. అక్కడ నీ బొమ్మ నడుస్తుంది గానీ, బొమ్మ పేరు సర్వీసు రిజిస్టర్లో లేదు గనక దానికీ రాదు."

"మరి గొలుసు?"

"పట్టుకెళ్ళు. ఇన్‌స్పెక్షన్‌కొస్తే చూపించాలి."

కామేశం గొలుసు ఒళ్ళో పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నవభూమిలో అడుగుపెట్టాడు. శాఖ ఆదేశం ప్రకారం అతని బొమ్మకు 'కామేశం, సర్వేయరు, గ్రేడ్ టూ' అని పేరు పెట్టారు. బొమ్మ ఒక బావి పక్కన నిలబడింది. ఒంటిమీద గోచీ తప్ప మరేమీ లేదు.

వెనకనుంచి చూస్తున్న వామనరావు గారు దగ్గారు. "ప్రభుత్వోద్యోగి గోచీతో విధి నిర్వహణ చేయరాదు. చొక్కా తొడుగు."

"చొక్కా కొనుక్కోవాలంటండీ. ఎవరో నేసి అమ్మితేనే దొరుకుతుందంట."

"అయితే కొటేషన్లు మూడు పిలువు."

బావి దగ్గర ఒక రొట్టెల దుకాణం ఉంది. దుకాణం నడిపే బొమ్మ పేరు గాలిపటం. ఆ బొమ్మ గోచీ మనిషిని ఎగాదిగా చూసింది.

"కొత్తగా వచ్చారాండీ? ఆకలేత్తే కాళ్ళు పడిపోతాయి ఇక్కడ. ముందు ఈ రొట్టె తినండి" అని ఒక ఆడగొంతు వినిపించింది. 

"వద్దండీ. నేను డ్యూటీలో ఉన్నాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు."

"ఓలమ్మో! ఇక్కడ డ్యూటీ కూడా చేత్తారేటండీ?"

ఆ గొంతు లోవలక్ష్మిది. హైవే మీద టోల్‌గేటులో రసీదులిచ్చే ఉద్యోగం. పొద్దున్న ఆరింటి నుంచి రెండింటి దాకా డ్యూటీ, మూడింటికల్లా నవభూమిలో ఉంటుంది. రొట్టెలు అమ్మేది దారి ఖర్చులకే. ఆటలో తెల్లారితే ఒక మూట రొట్టెలు కట్టుకుని ఉత్తరం దిక్కుకి నడుస్తుంది. ఏడు నెలలుగా నడుస్తోంది. సరుకు కోసం మాత్రం బావి దగ్గరికి తిరిగొస్తుంది.

"అటువైపు ఏముందండీ?" అని అడిగాడు కామేశం.

"నేనెళ్ళేదాకా ఏమీ లేదండి. నేనెళ్ళాక ఉంటాది" అంది లోవలక్ష్మి, ఆ మాటకు తనే నవ్వుకుంటూ.

మొదటి వారం కామేశం ఉత్సాహంగా కొలిచాడు. నేల ఎండిన ఆకుల రంగులో ఉంది, చెట్లు పద్ధతిగా ఉన్నాయి, తగాదా పడే పాలివాళ్ళు లేరు. కొలిచింది పన్నెండు శాతం అని నివేదిక పంపాడు. రెండో వారం మరింత కష్టపడ్డాడు. ఏడు శాతం తేలింది. మూడో వారం మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా కొలిచాడు. మూడు శాతానికి వచ్చింది.

సమీక్షా సమావేశంలో వామనరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నువ్వు కొలుస్తున్నావా, చెరుపుతున్నావా?"

"కొలుస్తున్నానండి. నేను ఇటు కొలిచేలోగా వాళ్ళు అటు నడుస్తున్నారండి. నడిచినంత మేరా భూమి పుడుతోందండి."

"పుట్టడమేమిటి? ముందస్తు అనుమతి లేకుండా భూమి ఎలా పుడుతుంది?"

"నేనూ అలాగే అనుకుని, హద్దు ఎక్కడో చూద్దామని చివరిదాకా వెళ్ళానండి. నేను వెళ్ళేసరికి హద్దు ఇంకో ఫర్లాంగు జరిగిందండి."

అంటే కామేశం కూడా భూమి పుట్టిస్తున్నాడన్నమాట. సాయంత్రానికి అతనికి తాఖీదు అందింది. "మీరు విధినిర్వహణలో ఉండగా, పై అధికారుల లిఖితపూర్వక అనుమతి లేకుండా సుమారు నాలుగు వందల ఎకరముల భూమిని ఉత్పత్తి చేసియున్నారు. ఇందుకు మీపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఇంటికెళ్ళి ఆ కాగితం భార్యకు చూపించాడు. ఆమె చదివి, మడిచి, తిరిగి చేతికిచ్చింది. "ఇరవయ్యేడేళ్ళలో మనకి రెండు సెంట్ల స్థలం పుట్టించలేకపోయారు గదండీ" అని మాత్రం అంది.

సంజాయిషీలో ఏం రాశాడో గానీ శిక్ష తప్పింది. బదులుగా కొత్త ఉత్తర్వు వచ్చింది. కొలిచిన నేల మళ్ళీ పెరగకుండా ప్రతి మూలా ఒక హద్దురాయి పాతాలి. నలభై వేల రాళ్ళు కావాలి. రాళ్ళు నవభూమిలోనే, ఆడేవాళ్ళ దగ్గరే కొనాలి.

ఈ కబురు తెలిసిన మర్నాటికే నవభూమిలో మనుషులు మారిపోయారు. అప్పటిదాకా ఒక రాయికి ఒక రొట్టె వచ్చేది. ఇప్పుడు ఒక రాయికి ఒక గుర్రం ఇస్తున్నారు. గోధుమ పండించేవాళ్ళు కొడవళ్ళు పారేసి సమ్మెటలు పట్టారు. కమ్మరులు గొడ్డళ్ళు మానేసి సమ్మెటలే చేశారు. ఆరు నెలలుగా ఒక అగ్నిసర్పాన్ని వేటాడుతున్న పెద్ద దండు ఒకటి, దాని గుహ ముందుదాకా వెళ్ళి, గుహ గోడలు మంచి గట్టి రాయని గుర్తించి, పాముని వదిలేసి గోడలు కొట్టుకుపోయింది. ఇల్లు లేని పాము బావి దగ్గరకొచ్చి దిక్కులు చూస్తూ కూర్చుంది.

పది రోజుల్లో పొలాలన్నీ బీళ్ళయ్యాయి. పిండి లేదు, లోవలక్ష్మి పొయ్యి చల్లారింది. తిండిలేక బొమ్మలు కుంటుతున్నాయి. రాళ్ళగుట్టల మీద కూర్చుని గుర్రాన్నిస్తాం రొట్టె ఇమ్మని అడుగుతున్నారు.

కామేశం జరిగింది జరిగినట్టు రాశాడు. వామనరావు గారు చదివి గంభీరంగా తలూపారు. పంట లేదు, తిండి లేదు, వలసలు ఉన్నాయి. నిబంధనల ప్రకారం ఇది కరువు. నవభూమిని కరువు ప్రాంతంగా ప్రతిపాదిస్తూ ఫైలు పైకి వెళ్ళింది. పైనున్నవాళ్ళు ఊరి పేరు చూశారే గాని ఊరు ఎక్కడుందో చూడలేదు. వారం తిరక్కుండా రెండు వందల బస్తాల బియ్యంతో లారీ వచ్చి ఆఫీసు ముందాగింది.

"ఇవెలా పంపాలండీ లోపలికి?" కామేశం కంప్యూటరు చుట్టూ తిరిగి చూశాడు.

"అది నీ శాఖ. దించుకోవడం వరకే నాది" అన్నాడు కొండలాచారి. "కరువు బాధితుడు స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తేనే ఇవ్వాలి."

గోడౌను లేదు గనక బస్తాలు కామేశం గదిలోనే సర్దారు. కుర్చీకి చోటు చాలక అతను ఆ రోజునుంచి బస్తాల మీదెక్కి కూర్చుని సర్వే చేయసాగాడు.

కరువన్నాక పరిశీలన బృందం వెళ్ళాలి. వామనరావు గారు నాయకులు. ఆయన కోసం కంప్యూటరు కొన్నారు. తెరమీద ఆయన కూడా గోచీతోనే బావి పక్కన ప్రత్యక్షమయ్యారు. చొక్కాల కొటేషన్లు ఇంకా పరిశీలనలో ఉన్నాయి. ఎడం చేత్తో గోచీ పట్టుకున్నట్టు ఊహించుకుంటూ ఆయన బీళ్ళు చూశారు, చల్లారిన పొయ్యి చూశారు, "అయ్యో" అన్నారు. అంతలో పొదల్లోంచి ఒక తోడేలు వచ్చింది.

"సార్, పరుగెత్తండి!" అని లోవలక్ష్మి అరిచింది.

వామనరావు గారు పరుగెత్తలేదు. "ఎవరిదయ్యా ఇది? దీనిమీద కంట్రోలు ఎవరికుంది?" అని అడిగారు. తోడేలు ఆయన్ని తినేసింది. "జిల్లా అధికారి వామనరావు మరణించారు" అని తెరమీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

నవభూమిలో చచ్చినవాళ్ళు నిమిషంలో బావి దగ్గర మళ్ళీ పుడతారు. ఆయనా పుట్టారు. కానీ ఈలోగా ఎర్ర అక్షరాలను కొండలాచారి చూసేశాడు, చూసింది నమోదు చేయడం అతని ధర్మం. సాయంత్రానికి ఫైల్లో మూడు కాగితాలు చేరాయి. పోస్టు ఖాళీ అయినట్టు ఒకటి. ఇన్‌ఛార్జి బాధ్యతలు తనకప్పగించమని డిప్యూటీ గారి విన్నపం ఒకటి. కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇప్పించమని వామనరావు గారి సొంత అల్లుడి దరఖాస్తు ఒకటి.

"నేను బతికే ఉన్నాను గదయ్యా!" వామనరావు గారు బల్ల గుద్దారు.

"నాకు తెలుసు సార్. ఫైలుకు తెలియాలి" అన్నాడు కొండలాచారి వినయంగా. "బతికున్నట్టు ధ్రువీకరణ పత్రం పెట్టండి. మీ పై అధికారి సంతకం ఉండాలి. అంతవరకు జీతం బిల్లు ఆగుతుంది."

పత్రం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ వామనరావు గారు పళ్ళు నూరుతూ గడిపారు. పన్నెండో రోజున బతికి, తన పేరుమీద మొట్టమొదట సంతకం చేసిన ఉత్తర్వు ఇది: "నవభూమి యందలి సమస్త నివాసులు, జంతువులతో సహా, సర్వే ముగియునంతవరకు ఎక్కడివారు అక్కడనే నిలిచియుండవలెను."

ఆట తయారుచేసిన కంపెనీకి ఏడు సీళ్ళు వేసిన నోటీసు వెళ్ళింది. కంపెనీవాళ్ళకు చదివితే అర్థం కాలేదు, అందుకని మరింత భయపడ్డారు. ఒక సోమవారం సాయంత్రం నవభూమిలో అందరి కాళ్ళూ ఆగిపోయాయి.

కదిలే అనుమతి ఉన్నది ఒక్క కామేశానికే, అదీ ఇదివరకే పుట్టిన నేలమీద మాత్రమే. అతను గొలుసు పట్టుకుని కదలని జనం మధ్య నడిచాడు. ఎత్తిన సమ్మెట ఎత్తినట్టే ఉంది. ఒకచోట పెళ్ళి జరుగుతూ ఆగిపోయింది. వరుడు దండ పట్టుకుని, వధువు మెడకు జానెడు దూరంలో, చేతులు చాపి నిలబడ్డాడు. నోళ్ళకు మాత్రం నిషేధం లేదు గనక ఇద్దరూ తిడుతున్నారు, ఒకరినొకరు కాదు, సర్వేయర్ని. ఇల్లు లేని అగ్నిసర్పం కూడా తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి అతన్నే చూసింది.

భూమి పెరగడం ఆగింది. శాతం పెరగడం మొదలైంది. ఇరవై, నలభై, డెబ్భై. సర్వే కోసమే ఏర్పడిన నవభూమి విభాగం కొత్త కారులో వామనరావు గారు రోజూ వచ్చి భుజం తడుతున్నారు. కామేశానికి మాత్రం అన్నం సయించడం లేదు.

తొంభై ఆరు శాతం నాడు ఒక ఆడమనిషి ఆఫీసుకు వచ్చింది. టోల్‌గేటు యూనిఫారం, చేతిలో అర్జీ. కొండలాచారి ముందుగా ఆమె చేత వేలిముద్ర వేయించి, పది కిలోల బియ్యం అంటగట్టి, ఆ తర్వాతే అర్జీ ముట్టుకున్నాడు. నవభూమి కరువు బాధితుల్లో స్వయంగా హాజరైనది ఆమె ఒక్కతే.

"సర్వేయరు గారూ, నేనండి, గాలిపటాన్ని" అంది ఆమె, బియ్యం సంచి కిందపెట్టి.

బస్తాల మీదనుంచి కామేశం గబగబా దిగాడు. అన్నాళ్ళుగా విన్న గొంతుకు ఇప్పుడు మొహం దొరికింది. నలభై లోపు వయసు. కళ్ళ కింద ఎండ మచ్చలు.

"నన్ను ఏట్లో ఆపేశారండి. మోకాలి లోతు నీళ్ళు. అవతలి గట్టు పది అడుగుల్లో ఉంది. గట్టు మీదకెక్కితే అటేపు ఏం పుడతాదో చూద్దామని ఇన్ని నెలలూ నడిచానండి."

"ఇంకో వారంలో అయిపోతుందమ్మా. సర్వే అయిపోగానే..."

"అయిపోయాక వదిలేత్తారాండీ?"

కామేశం తెరమీది శాతం వైపు చూశాడు. అయిపోయాక కదిలితే కొత్త నేల పుడుతుంది, పుడితే సర్వే అయిపోనట్టే. ఆ ఉత్తర్వు ఎప్పటికీ ఎత్తేయరని అతనికి అప్పుడే తట్టింది. ఆమెకు ముందే తట్టినట్టుంది.

"రోజూ ఎనిమిది గంటలు డబ్బాలో కూచుంటానండి. రాజమండ్రి పోయేవోళ్ళు, అరకు పోయేవోళ్ళు, కాశీ పోయే బస్సులు. అందరికీ నేనే గేటెత్తుతాను. పిల్లలు కిటికీలోంచి టాటా చెప్తారు. నేనెక్కడికెళ్ళానండి? అక్కడైనా నాలుగడుగులు వేద్దామనుకుంటే అక్కడా గేటు దించేశారు మీరు."

ఆమె కేకలెయ్యలేదు. బియ్యం సంచి చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. కామేశం ఆ రోజు మిగిలిన పని చేయలేదు. కిటికీ దగ్గర నిలబడి, ఇరవయ్యేడేళ్ళలో తాను ఏ పొలానికీ కొలవడానికి తప్ప వెళ్ళలేదని గుర్తు చేసుకున్నాడు.

నూరు శాతం పూర్తయిన సందర్భంగా సమావేశ మందిరంలో సభ పెట్టారు. రాజధాని నుంచి కమిషనరు గారు వచ్చారు. గోడంత తెరమీద నవభూమి పటం, దాని మూల ఆకుపచ్చ రంగులో 'నూరు' అన్న అంకె. కామేశాన్ని వేదికమీద కూర్చోబెట్టి, మెడలో దండవేసి, చేతికి ఒక కాగితమిచ్చారు. "నవభూమి యందు ఇంతకు మించి భూమి లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద సర్వేయరు సంతకానికి చోటు.

కామేశం కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఒకసారి చూసుకోవాలండి. చూడకుండా ఎప్పుడూ సంతకం పెట్టలేదు."

అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెరమీద గోచీ సర్వేయరు ఉత్తరం దిక్కుకి నడిచాడు. బీళ్ళు దాటాడు, రాళ్ళగుట్టలు దాటాడు. ఏరు వచ్చింది. నీళ్ళ మధ్యలో మూట నెత్తిన పెట్టుకుని గాలిపటం నిలబడి ఉంది. ఆ పక్కనుంచే నీళ్ళలో దిగి అవతలి గట్టు చేరాడు. అక్కడితో పటం అయిపోయింది. అవతల ఏమీ లేదు, తెల్లకాగితం లాంటి శూన్యం.

కామేశం ముందుకు నడిపే మీట మీద వేలు పెట్టాడు. నొక్కాడు.

కాలికింద పచ్చిక పుట్టింది. ఇంకో అడుగు వేస్తే ఒక వరస మొక్కలు, ఇంకో అడుగుకు వాటికి నీలం పూలు. 'నూరు' పోయి 'తొంభై తొమ్మిది' వచ్చింది.

"కామేశం! ఆగు!" వామనరావు గారు లేచారు. కామేశం ఆగుదామనే అనుకున్నాడు, వేలు ఆగలేదు. ఒక మిట్ట పైకి లేచింది. తొంభై ఎనిమిది. మిట్ట మీదనుంచి వాగు జారింది. తొంభై ఏడు. సభలో ఎవరో చప్పట్లు కొట్టి, పొరపాటు తెలుసుకుని చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

"ఏమిటిది వామనరావ్?" అన్నారు కమిషనరు.

వామనరావు గారు నోరు తెరిచేలోగా కొండలాచారి ఆయన చెవి దగ్గరకు వంగాడు. "సార్, మనలో మాట. సర్వే నూరు శాతం అయితే నవభూమి విభాగం మూసేస్తారు. అరవై నాలుగు పోస్టులు. మీ కొత్త కారు కూడా ఆ విభాగం మీదే ఉంది."

వామనరావు గారి మొహంలో కోపం వెళ్ళిపోయి ఒక విశాలమైన ప్రశాంతత వచ్చింది.

"అదనపు భూమి సార్" అన్నారాయన కమిషనరు వైపు తిరిగి. "మా సర్వేయరు మీ సమక్షంలో సాధిస్తున్న అదనపు భూమి. ఇలాంటిది ఎంతుందో చెప్పలేం. సిబ్బంది చాలరు."

"ఎంతమంది కావాలి?" అన్నారు కమిషనరు కళ్ళు తెరమీద నుంచి తిప్పకుండా.

సాయంత్రానికి పాత ఉత్తర్వు రద్దయింది. కొత్త ఉత్తర్వు ప్రకారం నవభూమి నివాసులందరూ రోజుకు వెయ్యి అడుగులకు తక్కువ కాకుండా, తమకు తోచిన దిక్కున, విధిగా నడవవలెను. పెళ్ళికొడుకు చేతిలోని దండ పెళ్ళికూతురి మెడలో పడింది. ఇద్దరూ ఆ వెంటనే తప్పనిసరి నడకకు బయల్దేరారు. కామేశానికి ప్రశంసాపత్రం, తాఖీదు ఒకే కాగితం మీద వచ్చాయి, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి అతను బస్తాలెక్కి కూర్చుని, ఏటి గట్టుకు వెళ్ళి నిలబడ్డాడు. గాలిపటం నీళ్ళలోంచి ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి గట్టెక్కింది. నీలం పూలవైపు వంగి చూసింది.

"ఇవి మీరు పుట్టించినవేనాండీ?"

"తొందరలో వేసిన అడుగులమ్మా. మన్నించాలి. ఆ మిట్ట దాకానే వెళ్ళాను. దాటలేదు."

ఇద్దరూ మిట్టెక్కారు. కింద వాగు, వాగుకవతల మళ్ళీ తెల్లటి శూన్యం. కామేశం గొలుసు తీయలేదు. అలవాటుగా ముందుకు పడబోయిన కాలు వెనక్కి తీసుకుని, రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు.

"మీరు రారాండీ?" అంది లోవలక్ష్మి.

"వస్తానమ్మా. ముందు మీరెయ్యండి."

హెడ్‌ఫోన్లలో ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తర్వాత వాగులో కాలు పెట్టిన చప్పుడు, ఆ వెంటనే, "సర్వేయరు గారూ! ఇటు సూడండి, ఇటు సూడండి!" అన్న కేక. కామేశం గోచీ బిగించుకున్నంత పని చేసి మిట్ట దిగి పరుగెత్తాడు.